చిన్న మట్టి ఆనకట్ట : ప్రైవేటు యాజమాన్యము, భద్రతా పర్యవేక్షణ

వాగునకో లోయకో అడ్డముగా, చుట్టుపట్ల దొరకు మట్టినే పొరలు పొరలుగా పోసి, తడిపి, త్రొక్కించి, నీటిని నిలుపుటకై ఎత్తిన కట్టకు మట్టి ఆనకట్ట యని పేరు. మన గ్రామములలోని చెఱువుకట్టలన్నియు ఈ జాతిలోనివే. పునాది అడుగు నుండి శిఖరము వఱకు 15 మీటర్లును, అంతకు మించియు ఎత్తు గలవానిని పెద్ద ఆనకట్టలుగా పరిగణించుట అంతర్జాతీయముగ వాడుకయైనది. అంతకు తక్కువ ఎత్తు కలిగి, కొద్దిపాటి నీటిని మాత్రము నిలుపునవి చిన్నవి. ఇట్టివానిలో ప్రభుత్వమునకు గాక ఒక రైతునకో, ఒక మిల్లునకో, గనుల కంపెనీకో, విద్యాసంస్థకో, విహారార్థము చేరిన క్లబ్బునకో, ఇండ్ల యజమానుల సంఘమునకో చెందినవి ప్రైవేటు ఆనకట్టలు. అమెరికా సంయుక్త రాష్ట్రముల జాతీయ ఆనకట్టల పట్టికకు ఎక్కినవే 90,000కు మించి యుండగా, వానిలో సగమునకు పైగా ప్రైవేటు స్వాధీనమున నున్నవి.

ఈ వర్గపు ఆనకట్టల చరిత్రను వరుసగా పరిశీలించువారికి ఒక విషయము మాటిమాటికి ఎదురగును. చిన్న కట్టను నిజముగా కాచి రక్షించునది దానివలన యజమానికి ఒనగూడు ప్రయోజనమే. విద్యుత్తో, సేద్యపు నీరో, కాలువకు సరఫరాయో లభించుచున్నంత కాలము కట్టమీద నడచువాడు, గండిని పూడ్చువాడు, తూము తలుపునకు నూనె రాచువాడు ఒకడుండును. ఆ ప్రయోజనము తీరిననాడు ఆ మనిషి వెడలిపోవును. నీరు మాత్రము అచ్చటనే నిలిచియుండును. ప్రైవేటు ఆనకట్టలపై ప్రభుత్వ పర్యవేక్షణ అవసరమైనది ముఖ్యముగా ఈ నడుమ ఏర్పడిన శూన్యము వలననే.

కట్ట పనిచేయు రీతి

మట్టికట్ట తన బరువుతో నీటిని ఆపును. అయినను అది నీటిని పూర్తిగా ఆపునని తలచుట పొరపాటు. ఎంత చక్కగా దిమ్మిస చేసిన కట్టలోనైనను నీరు మెల్లమెల్లగా లోపలి వాలునుండి వెలుపలి వాలువైపునకు ఊరుచునే యుండును. కట్టను నిలువున కోసి చూచినచో, తడిసిన మట్టికిని తడియని మట్టికిని నడుమ వంపుగా దిగు ఒక గీత కానవచ్చును. ఈ గీత కట్ట పాదమునకు లోపలనే, అడుగున పఱచిన యిసుక కంకరల పొరలో దిగి ముగిసినచో కట్ట క్షేమము. అది పైకి ఎగబ్రాకి వెలుపలి వాలుమీదనే తేలినచో ఆ వాలు నాని, మెత్తబడి, జాఱుటకు సిద్ధమగును. కావుననే బంకమట్టితో నడుమ ఒక గర్భమును నిలుపుట, వెలుపలి వాలును చాలినంత పల్లముగా వదలుట, పాదమున ఇసుక కంకరల వడపోతను అమర్చుట అను మూడు పనులును నిర్మాణ శాస్త్రములో అంత ముఖ్యములైనవి.

మట్టి ఆనకట్టలకు ప్రమాదము ప్రధానముగా రెండు త్రోవల వచ్చును. మొదటిది నీరు కట్ట తలమీదుగా పొర్లుట. రాతికట్టడము కొంతసేపు దానిని ఓర్చుకొనును, మట్టికట్ట ఓర్వలేదు. పొర్లు నీరు వెలుపలి వాలును కోసికొనుచు వెనుకకు జరిగి శిఖరమును చేరినంతనే గండి పడును. దీనిని నివారించుటకు అలుగు కలదు. కోస్తాలో, రాయలసీమలో కలుజు అనియు, తెలంగాణములో మత్తడి అనియు దీనికి పేళ్లున్నవి. అలుగు వెడల్పు చాలకున్నను, చెత్తతోనో చేపలు పోకుండ పెట్టిన జాలితోనో మూసికొనిపోయినను, కట్ట ఎంత గట్టిదైనను ఫలము లేదు. రెండవది లోపలి కోత. ఊటతోపాటు మట్టి రేణువులు కూడ కొట్టుకొనిపోవ నారంభించినచో, వెలుపలి వైపు పుట్టిన చిన్న రంధ్రము లోపలికి పెరుగుచు, కడకు నీటిని తాకి సొరంగమగును. కుళ్లిన చెట్టువేరు, పందికొక్కు బొరియ, తుప్పుపట్టిన గొట్టము, తూమునకును మట్టికిని నడుమ నుండు సందు, ఇవన్నియు ఆ సొరంగమునకు దారి చూపును. ప్రపంచమున కూలిన పెద్ద మట్టి ఆనకట్టలను లెక్కించినవారు ఈ రెండు కారణములకును దాదాపు సమానమైన భాగమును కనుగొనిరి. ఊట కనబడుటతోనే భయపడ నక్కఱలేదు. ఆ ఊట తేటగా నున్నదా, మురికిగా నున్నదా యన్నదే పరీక్షకుడు మొదట చూడవలసినది. తేటనీరు కట్ట ఊపిరి వంటిది. మురికినీరు కట్ట మాంసము.

ఈ జ్ఞానము మన దేశమునకు క్రొత్త కాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెఱువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో నిర్మింపించినపుడు చెక్కించిన సంస్కృత శాసనము చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను పేర్కొనుచున్నది. ఆ ఆఱింటిలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట, చెఱువు నడుమ మిట్ట యుండుట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, చోటు తక్కువై నీరు ఎక్కువగుట తక్కినవి. వీనిలో చివరిది నేటి ఇంజనీర్లు అలుగు చాలకపోవుట యని చెప్పు దోషమునకు పుట్టినిల్లు. పొలిమేర చెఱువును దోషముగా పరిగణించుటయు గమనింపదగినది, ఏలన ఇద్దరి అధికారము క్రింద నున్న కట్ట ఎవరి బాధ్యతయు గాకపోవునని ఆ శాసనకర్త లెఱిగియుండిరి.

టొక్కోవా

చిన్న ప్రైవేటు మట్టి ఆనకట్టకు లోకమునందు ముఖ్యోదాహరణము అమెరికాలోని జార్జియా రాష్ట్రమున స్టీఫెన్స్ కౌంటీలో, టొక్కోవా అను వాగుమీద నుండిన కెల్లీ బార్న్స్ ఆనకట్ట. ఆ వాగు 186 అడుగుల ఎత్తుగల జలపాతమై దూకు చోటికి ఎగువన, 1899లో, విద్యుదుత్పాదనకై కొయ్యదిమ్మెల చట్రములలో రాళ్లు నింపి యొక చిన్న కట్టడమును నిర్మించిరి. కాలక్రమమున ఆ స్థలము జలపాతమునకు దిగువన వెలసిన ఒక క్రైస్తవ బైబిలు విద్యాలయమునకు సంక్రమించినది. ఆ విద్యాలయము తన కరెంటు తానే తయారు చేసికొనదలచి, పాత రాతిచట్రమును లోపల అట్లే యుంచి, దానిపై మట్టిపోయించి కట్టను ఎత్తించెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము మఱికొంత ఎత్తించినది. కడకు ఆ కట్ట పునాది రాతినుండి 42 అడుగుల ఎత్తును, సుమారు 400 అడుగుల పొడవును, శిఖరమున 20 అడుగుల వెడల్పును కలదైనది. దానికి ఇంజనీరు గీచిన నమూనాపటము గాని, పని జరిగిన తీరును తెలుపు కాగితము గాని తరువాతి విచారణలో లభింపలేదు. వెలుపలి వాలు కొన్నిచోట్ల దాదాపు 45 డిగ్రీల నిటారుగా నుండెను. మట్టికట్ట కిది కూడని వాలు.

1957లో విద్యుదుత్పాదన నిలిచిపోయినది. నాటినుండి ఆ సరస్సు పడవ షికారులకును, చేపలు పట్టుటకును పనికివచ్చు సుందర దృశ్యముగా మిగిలినది. అడుగు తూము వాడుకలో లేకుండ పోయినది. అనగా అవసరము పడినపుడు సరస్సును ఖాళీ చేయుటకు మార్గము మూసికొనిపోయినది. వాలుమీద చెట్లు పెరిగినవి. 1973లో తీసిన యొక ఛాయాచిత్రమున వెలుపలి వాలులో సుమారు 12 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పు గల ముక్క జాఱిపడియుండుట స్పష్టముగా కనబడుచున్నది. ఆ చిత్రమును ఇంజనీరు చూచియుండినచో, ఆ కట్ట తనంత తాను అపాయమును చెప్పుకొనుచున్నదని గ్రహించియుండెడివాడు. కాని ఇంజనీరును పిలువవలెనను నిబంధన యజమానికి లేదు. వచ్చి చూడవలెనను విధి రాష్ట్రమునకును లేదు. జార్జియాలో నాడు ఆనకట్టల భద్రతకు చట్టమే లేదు.

1977 నవంబరు 2వ తేదీ నుండి 5వ తేదీ వఱకు అచ్చట 7 అంగుళముల వాన కురిసినది. అందు సగము, మూడున్నర అంగుళములు, 5వ తేదీ సాయంత్రము ఆఱు గంటలకును అర్ధరాత్రికిని నడుమ పడినది. 6వ తేదీ, ఆదివారము, తెల్లవాఱుజామునకు ముందే, ఒంటిగంటన్నరకు కట్ట తెగినది. తెగునప్పుడు సరస్సులో నున్న నీరు 630 ఎకరపు అడుగులు. మన లెక్కలో ఒక టి.ఎం.సి.లో నూటికి మూడు పాళ్లయినను లేదు. ఆ నీరే అత్యధిక స్థాయిలో సెకనుకు 24,000 ఘనపుటడుగుల చొప్పున, అనగా 24,000 క్యూసెక్కుల ప్రవాహమై జలపాతము మీదుగా విద్యాలయపు ఆవరణములోనికి దూకెను. ఆ వేగమే నిలిచియుండినచో సరస్సంతయు ఇరువది నిమిషములలోపల ఖాళీ యగును. లోయలో నిద్రించుచున్న విద్యార్థుల వసతిగృహము, ఉపాధ్యాయుల ఇండ్లు, పెండ్లియైన విద్యార్థుల కుటుంబములు కాపురముండు చక్రముల ఇండ్లు నీటి త్రోవలోనే యుండెను. 39 మంది మరణించిరి. వారిలో 20 మంది పిల్లలు.

విచారణ చేసిన ఇంజనీర్లు ఏదో యొక కారణమునే నిందింపలేదు. నింద మోపుటకు చాలిన ఆధారములు నీటితో కొట్టుకొనిపోయినవి. నిటారు వాలుమీద ఒక ముక్క జాఱుట, దానికి తోడుగా లోపలి కోత జరిగియుండుట, శిఖరమున గండి పడి అది పెరుగుట, నానిన కట్ట యావత్తును కూలుట అను వరుసను వారు అధిక సంభావ్యముగా నిర్ణయించిరి. ఇంతకన్న తేటగా చెప్పగల నిర్ణయము ఆ పరిస్థితిలో సాధ్యమయ్యెడిది కాదు. నమూనాపటములు లేని కట్ట బ్రతికియున్నపుడు పరీక్షకుని ఎట్లు కలవరపెట్టునో, చచ్చినపిదప విచారకుని అట్లే కలవరపెట్టును.

టొక్కోవా ఎందులకు ముఖ్యమైనదో తెలిసికొనుటకు దాని ముందటి ఐదేండ్లను చూడవలెను. 1972 ఫిబ్రవరిలో పశ్చిమ వర్జీనియాలోని బఫెలో క్రీకులో ఒక బొగ్గు కంపెనీ గనిమురికితో పోసిన కట్ట తెగి 125 మంది మరణించిరి. ఆ యేడే అమెరికా కాంగ్రెసు ఆనకట్టల తనిఖీ చట్టము చేసి, దేశములోని ఆనకట్టలను పరీక్షింపుమని సైనిక ఇంజనీర్ల దళము నాదేశించినది. పట్టిక తయారైనది, తనిఖీకి ధనము మాత్రము రాలేదు. 1976 జూనులో ఐడహోలోని టీటన్ ఆనకట్ట, ప్రభుత్వమే కట్టిన పెద్ద మట్టి ఆనకట్ట, మొదటిసారి నిండుచుండగనే తెగినది. అప్పుడు సమాఖ్య ఆనకట్టల విషయమున కదలిక వచ్చెను. ప్రైవేటువి మఱల ప్రక్కకు నెట్టబడినవి. టొక్కోవా నీరు ఇంకక ముందే, నాటి అధ్యక్షుడు జిమ్మీ కార్టరు, ఆయన ఒకప్పుడు అదే జార్జియాకు గవర్నరుగా నుండినవాడు, ప్రభుత్వేతర ఆనకట్టలలో దిగువన ప్రాణనష్టమునకు అవకాశమున్న వానినన్నిటిని తనిఖీ చేయుడని 1977 నవంబరు నెలాఖరున ఆజ్ఞాపించెను. 1981 నాటికి 8,818 ఆనకట్టలను పరీక్షించిరి. వానిలో దాదాపు మూడవ వంతు సురక్షితములు కావని తేలినది. అత్యధిక భాగమునకు లోపము అలుగు చాలకపోవుటయే. 1972 చట్టము అమలగుటకు ఐదేండ్లును, ముప్పది తొమ్మిది ప్రాణములును పట్టినవి.

తక్కిన ఉదాహరణములు

టొక్కోవా కథ ఒంటరిది కాదు. పెన్సిల్వేనియాలో 1889 మే 31న జాన్స్‌టౌను పట్టణమును ముంచి 2,209 మందిని బలిగొనిన సౌత్ ఫోర్కు ఆనకట్ట మొదట ప్రభుత్వ కాలువకు నీరందించుటకై కట్టబడినది. రైలుబండ్లు వచ్చి కాలువ మూలబడగనే ఆ కట్ట చేతులు మాఱినది. నడుమనొక యజమాని అడుగున నున్న ఇనుప గొట్టములను పెఱికించి పాతసామానుగ నమ్మివేసెను. 1879 తరువాత ధనికుల విహార క్లబ్బు దానిని కొని, బండ్లు పోవుటకు వీలుగ శిఖరమును కొంత దించి, చేపలు జాఱిపోకుండ అలుగునకు జాలి బిగించినది. కట్ట 72 అడుగుల ఎత్తుగలది. కావున చిన్నదన వీలులేదు. అయినను ఆ సరస్సులోని నీరు సుమారు అర టి.ఎం.సి. మాత్రమే. గొట్టములు లేవు, కావున నీటిని దింపుటకు వీలులేదు; జాలి యున్నది, కావున అలుగు పాఱుటకు వీలులేదు. కట్టమీదుగా నీరు పొర్లుట ఒక్కటే మిగిలినది. ఇందులకై న్యాయస్థానములో ఏ ఒక్కడును బాధ్యుడుగా నిలువలేదు.

కొలరాడోలోని లాన్ లేకు ఆనకట్టను 1903లో ఒక రైతుల సాగునీటి సంఘము, తరువాత జాతీయ వనముగా ప్రకటింపబడిన పర్వత ప్రాంతమున నిర్మించినది. ఎత్తు 26 అడుగులు మాత్రమే. 1982 జూలై 15 ఉదయము అది తెగినది. నీరు వదలు గొట్టమునకును తలుపు కవాటమునకును నడుమ అతుకున వేసిన సీసపు పూత శిథిలమై, అందుండి చిమ్మిన నీరు కట్టను లోలోపల తినివేసినది. ముగ్గురు మరణించిరి. ఇచ్చట ప్రయోజనము సజీవముగనే యున్నది గాని, కట్ట ఎత్తైన కొండలలో, కాలినడకన తప్ప చేరరాని చోట నున్నది. యజమాని కన్ను అచ్చటికి తఱచుగా ప్రసరింపలేదు.

హవాయి ద్వీపములలోని కవాయిలో చెఱకు తోటలకై 1890 ప్రాంతమున కట్టిన కాలోకో ఆనకట్ట, తోటలు పోయిన పిదప ప్రైవేటు ఆస్తిగా చేతులు మాఱి, 2006 మార్చి 14న, వరుసగా కురిసిన వానలలో తెగి ఏడుగురిని చంపినది. అలుగు కనబడవలసిన చోట అలుగు లేదు. అది పూడ్చబడినదను అభియోగము యజమానిపై క్రిమినలు కేసుగా పరిణమించెను. రాష్ట్రములో ఆనకట్టల చట్టము అప్పటికే యుండెను. తక్కువ అపాయముగల వర్గములో చేర్చబడిన కారణమున ఆ కట్ట పరీక్షకే నోచుకొనలేదు. మిచిగాన్‌లోని ఎడెన్‌విల్ ఆనకట్ట సంగతి మఱియు విచిత్రము. దాని అలుగు పెద్ద వరదలకు చాలదని సమాఖ్య విద్యుత్ నియంత్రణ సంఘము ఏండ్ల తరబడి హెచ్చరించి, యజమాని సరిచేయకపోవుటచే 2018లో విద్యుదుత్పాదనకు ఇచ్చిన అనుమతిని రద్దు చేసెను. రద్దుతోపాటు ఆ కట్టపై సమాఖ్య అధికారమును తొలగిపోయి, అది రాష్ట్రపు పర్యవేక్షణలోనికి వచ్చినది. యజమానికి దానివలన వచ్చు రాబడియు ఆగిపోయినది. 2020 మే 19న అది కూలినపుడు, నీరు కట్టను పొర్లకమునుపే, నానిన వదులు ఇసుక హఠాత్తుగ ద్రవమువలె ప్రవహించి కట్ట జాఱినదని విచారణలో తేలినది. పదివేలమందిని ముందుగ ఖాళీ చేయించుటచే ప్రాణములు దక్కినవి.

బాధ్యత ఎవరిది?

ఇంగ్లాండులో లాంకషైరు మిల్లుయజమాని జాన్ రైలాండ్స్ 1860లో తన మిల్లు నీటికై ఒక జలాశయమును త్రవ్వించినపుడు, అడుగున నున్న పాడుపడిన గని గోతుల సంగతి కాంట్రాక్టరు లెఱిగియు ఉపేక్షించిరి. నీరు ఆ గోతులగుండా దిగి పొరుగువాడగు థామస్ ఫ్లెచరు గనులను ముంచెను. రైలాండ్స్ స్వయముగా ఏ అశ్రద్ధయు చేయలేదు. అయినను, తప్పించుకొనిపోయినచో అపాయము కలిగించు వస్తువును తన ప్రయోజనమునకై తన నేలపై సహజముగాని రీతిని కూర్చుకొనినవాడు దానివలని నష్టమునకు బాధ్యుడేయని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది. ఆంగ్ల న్యాయశాస్త్రములో ఇంతటి ప్రసిద్ధి గన్న సూత్రము ఒక చిన్న ప్రైవేటు జలాశయమునుండి పుట్టినదన్న సంగతి న్యాయవాదులు కానివారు అంతగా ఎఱుగరు.

ఆ సూత్రమునకు మన దేశమున మొదటి గట్టి పరీక్ష తెలుగునాటనే జరిగినది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరము జమీందారు చెఱువులు భారీవర్షములకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ మార్గమును ధ్వంసము చేయగా, కంపెనీ రైలాండ్స్ తీర్పును ఆధారము చేసికొని నష్టపరిహారము కోరినది. 1874లో, నాటి కడపటి అప్పీలు న్యాయస్థానమగు ప్రీవీ కౌన్సిలు ఆ వాదమును త్రోసిపుచ్చెను. చెఱువులు ఈ దేశపు వ్యవసాయమునకు ప్రాచీన కాలమునుండి ఆధారములు. జమీందారు వానిని తన ఇచ్చ వచ్చినట్లు తీసివేయుటకు వీలులేదు. వానిని కాపాడుట ఆచారము అతనిపై మోపిన విధి. కావున అశ్రద్ధ నిరూపింపబడిననే తప్ప అతడు బాధ్యుడు కాడు. రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో ఈ వ్యాసవిషయమంతయు అందులోనే యున్నట్లు తోచును. రైలాండ్స్ నీరు ఒకని లాభమునకై నిలిచినది. కార్వేటినగరపు నీరు వేలమంది రైతులకై, విడిచిపెట్టరాని విధిగా నిలిచినది. మొదటిదానికి కఠిన బాధ్యత, రెండవదానికి శ్రద్ధయే కొలత. ప్రీవీ కౌన్సిలు వివేకము మెచ్చదగినదే. కాని దిగువన ఇల్లు కట్టుకొనినవానికి ఈ భేదము వలన కలుగు ఓదార్పు స్వల్పము. పరిహారము గెలిచినను, ఓడినను, అది కట్ట తెగిన తరువాతి మాట.

తెలుగునాట ఈ కర్తవ్యమునకు వెనుక మఱియొక వ్యవస్థ యుండినది. చెఱువు కట్టించినవానికి, పాడైనదానిని బాగుచేయించినవానికి దసబంధపు ఇనాముగా భూమినిచ్చి, ఆ భూమి ఫలముతో కట్టను కాపాడించుట రాయలసీమలో ఆచారము. కట్టమీద తిరుగుటకు నీరుగంటి యుండెను. గండి పడు సూచన కనబడినపుడు గ్రామస్థులందఱును పలుగు పారలతో రావలెనను పాత కట్టుబాటును 1858లో మద్రాసు ప్రభుత్వము నిర్బంధ శ్రమచట్టముగ గూడ వ్రాసికొనినది. 1948 ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీ చెఱువులు ప్రభుత్వపరమైనవి. ఇనాముల లోపములు అనేకము; అయినను కట్టకును, కావలికిని నడుమ భూమి ఫలము అను ముడి నుంచిన ఉపాయము నేటి చట్టములలో నెచ్చటను అంత సూటిగా కనబడదు.

తనిఖీ చట్టములు

ప్రైవేటు జలాశయములను చట్టముచే కట్టుదిట్టము చేయుటలో బ్రిటను ముందు నడచినది. వేల్సులోని డోల్గరోగు గ్రామమునకు ఎగువన ఒక అల్యూమినియం కంపెనీ ఆనకట్ట 1925 నవంబరు 2న తెగి, ఆ నీటి తాకిడికి దిగువనున్న మఱియొక మట్టికట్టయు తెగగా 16 మంది మరణించిరి. 1930లో వచ్చిన చట్టము పెద్ద జలాశయములను అర్హతగల ఇంజనీర్లచే తనిఖీ చేయింపవలెనని నిర్బంధించినది. 1975 చట్టము 25,000 ఘనపు మీటర్లకు మించి నీరు పట్టు జలాశయములన్నిటికిని పర్యవేక్షక ఇంజనీరును, పదేండ్లకు మించకుండ స్వతంత్ర పరీక్షకుని తనిఖీని విధించినది. ఎత్తును గాక నీటి పరిమాణమును కొలతగా గ్రహించుట ఇందలి విశేషము.

అమెరికాలో బాధ్యత రాష్ట్రములది. జార్జియా 1978లో చట్టము చేసి, 25 అడుగుల ఎత్తు గలిగిన, లేక 100 ఎకరపు అడుగుల నీరు పట్టు ఆనకట్టలను రెండు తరగతులుగా విభజించినది: తెగినచో ప్రాణనష్టము సంభవించునవి మొదటి తరగతి, తక్కినవి రెండవ తరగతి. ఈ వర్గీకరణమును తప్పుగా అర్థము చేసికొనుట కలదు. అధిక అపాయవర్గము అనగా కట్ట బలహీనమని కాదు. అది బలముగ నున్నను తెగినచో దిగువన నష్టము అధికమని యర్థము. కావున కట్ట ఒక్క అంగుళమైనను కదలకయే వర్గము మాఱవచ్చును. దిగువన నిన్న పచ్చికబయలుండినచోట నేడు ఇండ్లు లేచినచో, అప్పటివఱకు ఎవరును చూడనక్కఱలేని కట్ట నేటినుండి ప్రాణాంతకమగును. ఇండ్లకు అనుమతినిచ్చు కార్యాలయము వేరు, ఆనకట్టను తనిఖీ చేయు కార్యాలయము వేరు అగుటచే ఈ మార్పు పట్టికకెక్కుటకు ఏండ్లు పట్టుచుండును. కాలోకో కట్టయు తెగునాటికి తక్కువ అపాయముగల వర్గములోనే యుండినది. ప్రైవేటు ఆనకట్టల పర్యవేక్షణలో ఇంతకన్న పెద్ద లోపము మఱియొకటి లేదని ఈ వ్యాసకర్త భావించుచున్నాడు. వర్గీకరణమును ఒకసారి చేసి వదలక, నిర్ణీతకాలమునకొకసారి లోయలో నడచి పునఃపరిశీలింపవలెను.

పరీక్షకుని పని ఆర్భాటము లేనిది. శిఖరమున పగుళ్లు, కుంగులు గలవేమో చూడవలెను. వెలుపలి పాదమువెంట నడచి, ఎండకాలమున గూడ పచ్చగా నుండు గడ్డిని గుర్తింపవలెను. అచ్చట ఊట యుండును. చెట్లు, బొరియలు, పుట్టలు గమనించి, తూము తలుపు ఎత్తించి దింపించి చూచి, అలుగు త్రోవలో కంచెయో, గుడిసెయో వెలసినదేమో కనుగొనవలెను. పెరిగిన పెద్ద చెట్టును వెంటనే నఱికించుట కూడ మేలు కాదు, నఱికిన చెట్టు వేళ్లు కుళ్లి నీటికి సొరంగములగును. కావున మొలకనాడే పెఱుకుట ఉత్తమము. వీని వెంబడి అత్యవసర ప్రణాళిక యుండవలెను: కట్ట తెగినచో నీరు ఎచ్చటికి, ఎన్ని నిమిషములలో చేరును, ఎవరిని లేపవలెను, ఎవరు లేపవలెను. టొక్కోవాలో లోయవాసులకు అట్టి ప్రణాళిక లేకుండెను.

భారతదేశమున ఆనకట్టల భద్రతకు కేంద్రచట్టము కావలెనని శాసనసభలో తీర్మానించి పార్లమెంటును కోరిన మొదటి రాష్ట్రములు ఆంధ్రప్రదేశ్, పశ్చిమ బెంగాల్. ఇది 2007 నాటి మాట. చట్టము 2021 డిసెంబరులో అమలులోనికి వచ్చినది. జాతీయ సంఘము, జాతీయ ప్రాధికారము, రాష్ట్ర భద్రతా సంస్థలు దీనిచే ఏర్పడినవి. వానకు ముందును, వెనుకను తనిఖీ చేయుట, అత్యవసర ప్రణాళిక వ్రాయుట యజమాని విధులైనవి. ఆ యజమాని ప్రభుత్వమైనను, కంపెనీయైనను, వ్యక్తియైనను ఒకటే. అయితే చట్టపు పరిధి 15 మీటర్లకు మించిన ఎత్తుగల ఆనకట్టలకును, 10 మీటర్లకును 15 మీటర్లకును నడుమనుండి పొడవు, నీటిపరిమాణము, వరద, పునాది మున్నగువానిలో నిర్దిష్టమైన ప్రత్యేకత గలవానికిని మాత్రమే. తెలంగాణములో మిషన్ కాకతీయ లెక్కించిన 46 వేలకు మించిన చెఱువులలో అత్యధికము ఈ గీతకు దిగువననే నిలుచును. 12.8 మీటర్ల ఎత్తుగల టొక్కోవా కట్ట కూడ, దాని పొడవును, నీటి పరిమాణమును బట్టి, ఈ కొలతలను దాటియుండెడిది కాదు. ఒక మిలియను ఘనపు మీటర్ల నీటికిని, 500 మీటర్ల పొడవునకును అది తగ్గియే యున్నది.

ప్రయోజనము తీరిన కట్టకు మరమ్మతు ఒక్కటే మార్గము కాదు. సరస్సును మెల్లగా దింపి, కట్టను ఇంజనీరు సమక్షమున వరద పోవునంత వెడల్పుగా కోసి, వాగును దాని త్రోవలో విడుచుట ఇంకొక మార్గము. ఇది మరమ్మతుకన్న చౌక యగుటయు కలదు. తవ్విన మట్టిని, అడుగున పేరుకొనిన బురదను ఏమి చేయవలెనన్నది అందలి ముఖ్యమైన చిక్కు. లాన్ లేకు ప్రమాదానంతరము రాకీ పర్వత జాతీయ వనములో బ్లూబర్డ్, శాండ్‌బీచ్, పేర్ అను సరస్సుల పాత ఆనకట్టలను ఇట్లే తొలగించి, నీటిని వాని సహజమైన మట్టమునకు దింపిరి. టొక్కోవాలో విద్యాలయము నేటికిని అదే లోయలో నడచుచున్నది. ఆనకట్టను మఱల కట్టలేదు. వాగు ఎగువన అడ్డేమియు లేక పాఱి, 186 అడుగుల రాతిమీదుగా దూకుచున్నది.